ఆనమల డేరాలో పురుడు

అమ్మ పాదాలకూ నాయన పాదాలకూ మీ నాచారి మొక్కి రాసుకునేది.

పెరుమాళ్ళ దయవల్ల ఇక్కడ మేమంతా బాగున్నాం. మేమంటే ఇప్పుడు ముగ్గురం కాదమ్మా, నలుగురం. మిగతా కబురంతా వినేలోపల నీ గుండె అదరకూడదని ముందే రాస్తున్నాను. నాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా సుఖంగా ఉన్నాం. ఇవాళ్టికి ముప్ఫై నాలుగు రోజులు. నాయనా, చదవడం ఇక్కడ కొంచెం ఆపండి. అమ్మ కళ్ళు తుడుచుకున్నాక మళ్ళీ మొదలుపెట్టండి.

మీరంతా ఎలా ఉన్నారు? నాయన మోకాలి నొప్పి తగ్గిందా? అన్న, వదిన, పిల్లలు బాగున్నారా? చేలో పత్తి ఎలా ఉంది? ఆ పాడు జబ్బు మన సింగానల్లూరు వైపు రాలేదని తెలిసినప్పటినుంచి నాకు అన్నం లోపలికి పోతున్నది. మొన్న మీ అల్లుడితో బియ్యం మోసుకుని కొండెక్కిన పొల్లాచ్చి బండివాడు ఆ మాట చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. నాయన నాకోసం బండి కట్టుకుని, లోపల గడ్డి పరిచి దానిమీద పరుపు వేయించుకుని వచ్చారట. పొల్లాచ్చి దాటాక ఊరివాళ్ళు దారికి అడ్డంగా ముళ్ళకంపలు కొట్టి, కర్రలు పట్టుకుని నిలబడి, ఎవరినీ అటూ ఇటూ పోనివ్వలేదట. నాయన రెండు రోజులు అక్కడే బండి కింద పడుకుని తిరిగిపోయారట. అది విన్న రోజు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. నాయనా, మీరు ఆ కంపల అవతల కూర్చున్నప్పుడు నేను ఇవతల లేను. అప్పటికే కొండ ఎక్కేశాను. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

మీ అల్లుడి పని మీకు తెలిసిందే. కొండల్ని కొలిచే దొర డేరాలకు మేముండే ఆనమల ఊరినుంచి బియ్యం, ఉప్పు, నూనె పైకి చేరవేయడం. ఆయన ఒక వారం కొండ మీద, ఒక వారం ఇంట్లో. ఇంట్లో ఎప్పుడూ ఉండేది నేను, ఆయన మేనత్త. అత్త సంగతి నువ్వు పెళ్ళిలోనే చూశావు. పన్నెండో ఏట తాళి పోగొట్టుకున్న మనిషి. భుజాల మీద పెరుమాళ్ళ ముద్రలు వేయించుకుని, నా కుండ, నా చెంబు, నా పొయ్యి అంటూ బతుకుతున్నది. నేను నీళ్ళు తెచ్చినా తలకు పోసుకుని తడిబట్టతో తెస్తేనే తాగేది. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో నాకు అన్నం పెట్టి ఆదరించింది గాని, నా తల నిమిరిన రోజు ఒక్కటి లేదు.

పురట్టాసి నెల చివర్లో ఊళ్ళో వాంతిభేది మొదలైంది. ముందు ఏటి గట్టున ఇద్దరు పోయారు. తర్వాత వీధికొకరు. నాలుగో నాడు మా పక్కింటి సెల్లాయి పోయింది. పొద్దున నాకు తినాలని ఉందేమోనని చింతకాయలు ఒడిలో పోసి పోయిన మనిషి, పొద్దు వాలేసరికి లేదు. ఆ సాయంకాలమే మీ అల్లుడు కొండ దిగి వచ్చారు. వాకిట్లో నిలబడే చెప్పారు.

“నాచారీ, మూట కట్టు. తెల్లారితే కొండమీదికి పోతాము.”

“ఈ కడుపుతోనా?” అన్నాను.

“ఈడ ఉంటే కడుపూ మిగలదు, మనమూ మిగలము. మీ నాయన ఊరికి దారి లేదు, ముళ్ళు కొట్టేసినారు. పైన నీళ్ళు సుద్దంగా ఉండాయి. మనుషులు తక్కువ. జబ్బు ఆడికి రాదు.”

అత్త లోపలినుంచి అరిచింది. “నిండు చూలాలిని కాడుకు తోలుకపోతావా సామీ?”

“అరవంలో కాడు అత్తా, తెలుగులో కాదు” అన్నారాయన.

అంత బెంగలోనూ నాకు నవ్వొచ్చింది. అరవంలో కాడంటే అడవి, మన మాటలో వల్లకాడు. అత్తకు మాత్రం నవ్వు రాలేదు. తన కుండలు మూట కట్టుకుంటూ, “రెండూ ఒకటే, చూస్తా ఉండు” అన్నది.

ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. నన్ను డోలీలో మోయించాలని ఆయన చూశారు గాని, జబ్బు భయానికి మోసేవాళ్ళు దొరకలేదు. కర్ర పట్టుకుని నడిచాను. మొదటి రోజంతా టేకు చెట్లు, వెదుర్లు. గాలి వీస్తే వెదుర్లు ఒకదానికొకటి రాసుకుని మన గానుగ తిరిగినట్టు కిర్రుమంటాయి. పైకి పోయేకొద్దీ చెట్లు దగ్గరపడి, మధ్యాహ్నమే మునిమాపులా ఉండేది. నేలంతా తడి ఆకులు, ఆకులనిండా జలగలు. దారపు పోగంత సన్నగా ఉంటాయి. కాలెక్కి కూర్చున్నాయంటే చింతగింజంత అవుతాయి. ఉప్పూ పొగాకూ కలిపి గుడ్డలో మూట కట్టి, తడిపి కాళ్ళకు రుద్దుకుంటే రావు. నాలుగడుగులు వేయడం, నిలబడి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ నాలుగడుగులు. ఆయన ముందు నడుస్తూ నేను అడిగిందీ అడగందీ చెప్పేవారు. “ఇంకొంచమే, ఆ మలుపు దాకా.” ఆ మలుపులు ఎన్ని దాటామో నాకు లెక్క లేదు.

మాకు దారి చూపినవాడు కాడర్ల పెద్ద. కాడర్లంటే ఆ కొండల్లోనే పుట్టి పెరిగే జనం. వాళ్ళు తమ పెద్దను మూప్పన్ అంటారు. రెండో రోజు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు మూప్పన్ గబుక్కున చెయ్యి ఎత్తాడు. అందరం ఉన్నచోటే కూలబడ్డాం. “పెరియవర్” అన్నాడు గుసగుసగా. పెద్దాయన అని. అడవిలో ఏనుగును పేరు పెట్టి పిలవరట. మాకు ఇరవై అడుగుల దూరంలో, ఆకుల వెనక, ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయి. అంత పెద్ద జంతువు, కాలి చప్పుడు లేదు. కొమ్మ విరిగిన చప్పుడు, కడుపులో గుడగుడ, అంతే. నా కడుపులో బిడ్డ ఒక్కసారి దొర్లింది. అత్త కళ్ళు మూసుకుని “ఆదిమూలమా, ఆదిమూలమా” అని పైకే అంటుంటే మూప్పన్ తన తలగుడ్డ తీసి ఆమె నోటికి అడ్డం పెట్టాడు.

అవి వెళ్ళిపోయాక అత్త మాతో అన్నది: “ఏనుగు పిలిస్తే వచ్చినాడు గదా ఆ సామి. ఏనుగునుంచి కాపాడమంటే వస్తాడో రాడో, ఏనుగు తట్టే ఉంటాడేమోనని బయమేసిందిరా.” ఆ దారిలో ముగ్గురం కలిసి నవ్వింది అప్పుడే.

డేరాలు వేసిన చోటు ఒక గడ్డి మిట్ట. పక్కనే వాగు. నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. గుడ్డతో ఇల్లు ఏమిటో అనుకున్నాను గాని, లోపల వెదురు తడికె మంచం వేసి, చుట్టూ వాన నీళ్ళు పోవడానికి కాలువ తీసి, మీ అల్లుడు బాగానే ఏర్పాటు చేశారు. దొర మా వైపు వచ్చేవారు కాదు. తెల్లారకముందే మనుషుల చేత జెండాకర్రలు మోయించుకుని శిఖరాలకు పోయేవారు. నన్ను చూసిన మొదటి రోజు మాత్రం మీ అల్లుణ్ణి పిలిచి, రెండు ఉన్ని కంబళ్ళు ఇచ్చి పంపారు. మంచివాడే.

అమ్మా, మొదటి పది రోజులు నేనెంత బెంగ పడ్డానో చెప్పలేను. మన చేల గట్టున నిలబడితే నల్లటి నేల కనుచూపు మేర పోయి ఆకాశాన్ని తాకుతుంది గదా. అంత దూరాన వచ్చే బండి ఎవరిదో ఎద్దుల నడక చూసి నువ్వు చెప్పేదానివి. ఇక్కడ దూరమన్నదే లేదు. పొద్దున లేస్తే పక్క డేరా కూడా మంచులో కనపడదు. తినడానికి బియ్యం, పప్పు, చింతపండు ఉన్నాయి. జొన్న సంగటి లేదు, మజ్జిగ లేదు. చలికి అన్నం గిన్నెలోనే గడ్డ కట్టేది. నల్లకోతులు చెట్ల మీదనుంచి ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటే, నాకు మాత్రం పిలిచేవాళ్ళు లేరనిపించేది.

అత్త కష్టం వేరు. ఉతికిన బట్ట ఆరితేనే మడి. ఆ మంచులో బట్ట ఎక్కడ ఆరుతుంది? పాపం, నాలుగు రోజులు తడిచీరతోనే వండుకు తిన్నది. ఐదో రోజు చీర వెదురు మీద ఆరేస్తే నల్లకోతి లాక్కుపోయి చెట్టు మీద కప్పుకుని కూర్చున్నది. “నీకూ చలేనా?” అని అత్త కిందినుంచి దాన్ని అడిగింది.

మయిలి నాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. మూప్పన్ పెళ్ళాం. నీ వయసు ఉంటుంది. మా డేరాలకు అరగంట నడక దూరంలో, వాగుకు పైన, వెదురాకుల గుడిసెల్లో వాళ్ళుంటారు. ఆ ఆడవాళ్ళు కొప్పులో వెదురు దువ్వెన పెట్టుకుంటారు, దాని మీద సన్నటి చెక్కడం పని. ఎవరి దువ్వెన వాళ్ళ మొగుడే చెక్కి ఇవ్వాలట. మయిలి మాట అరవం, మలయాళం కలిసిన కొండమాట. నాకు సగం అర్థమయ్యేది. నేను మన మాటలో రాస్తున్నాను.

ఆమె మొదటిసారి తేనె తెచ్చినప్పుడు అత్త డేరా ముందు పుల్లతో గీత గీసి, దాటి రావద్దన్నది. మయిలి ఆ గీత చూసి నవ్వి, దాని అవతలే గొంతుక్కూర్చుని, అక్కడినుంచే నా కడుపు చూసింది. “బిడ్డ కిందికి జారింది తాయీ. నువ్వనుకున్నంత కాలం ఉండదు” అన్నది. తర్వాత రోజూ వచ్చేది. దుంపలు తెచ్చి నిప్పుల్లో కాల్చి ఇచ్చేది. వాన గీతను చెరిపేసేది, అత్త మళ్ళీ గీసేది, మయిలి మళ్ళీ దాని అవతలే కూర్చునేది. ఒక్కనాడూ కోపం తెచ్చుకోలేదు.

పురట్టాసి పోయి ఐప్పసి నెల వచ్చింది, వానలు పట్టుకున్నాయి. మీ అల్లుడు బియ్యానికి కిందికి పోయి, ఏరు పొంగి అవతలే ఉండిపోయారు. దొర మనుషులను తీసుకుని పై కొండకు పోయారు. డేరాల దగ్గర మిగిలింది నేను, అత్త, కళ్ళు సరిగా కనపడని ముసలి వంటవాడు. ఇంకా నెల ఉందన్న ధీమాతో ఉన్నాం. ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే నడుము పట్టేసింది. చలి వల్లేమో అనుకున్నాను. పొద్దెక్కే వేళకు అది చలి కాదని తెలిసింది.

నాయనా, ఇక్కడినుంచి కొన్ని ఆడవాళ్ళ మాటలు. మీరు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను, మొహమాటపడకుండా చదవండి. అమ్మకు వినాలని ఉంటుంది.

నేను తడికె మంచం పట్టుకుని కూర్చుండిపోయాను. “అత్తా, ఏదైనా చెయ్యండి” అన్నాను.

అత్త ముఖంలో నెత్తురు లేదు. “నాకేమి తెలుసునే? నన్నెవరు రానిచ్చినారు పురిటింటికి? బిడ్డల్లేనిదాన్ని, బొట్టు లేనిదాన్ని. మా చెల్లెలు కనేటప్పుడు గూడా నన్ను గొడ్లపాకలోకి పోయి ఉండమన్నారు. నేను చూడగూడదంట, నా నీడ పడగూడదంట. అరవై ఏండ్లు వచ్చినాయి, బిడ్డ ఎట్ల పుడతాదో నేను చూసింది లేదే.”

అలా అంటూనే నిలబడింది. ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత ఆ వానలోకి పరుగెత్తింది. చెంబు లేదు, కర్ర లేదు, నెత్తిన గుడ్డ లేదు. ఎక్కడికి పోతున్నదో చెప్పలేదు. మనిషి కనపడకుండా పోయాక నాకు భయం పట్టుకుంది. వంటవాడు బయట నిలబడి, “ఉన్నాను తల్లీ, ఇక్కడే ఉన్నాను” అని అరవంలో అంటూనే ఉన్నాడు. అతను మాత్రం ఏం చేయగలడు? అమ్మా, అప్పుడు నిన్ను పిలిచాను. గట్టిగా పిలిచాను. నీకు వినపడలేదని నాకు తెలుసు, అయినా పిలిచాను.

తర్వాత మయిలి చెప్పింది: “మీ అత్త నా గుడిసె వాకిట్లో వచ్చి నిలబడింది. రొప్పుతున్నది, మాట రావడం లేదు. లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. అంతే. కాళ్ళనిండా జలగలు. ఒక్కటి కూడా పీకేసుకోలేదు.” వాగు దాటేటప్పుడు ఆ ఇద్దరూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని దాటారట.

మయిలి వచ్చీ రాగానే గుగ్గిలం ముక్క నిప్పుల మీద వేసింది. డేరా నడిమి గుంజకు తాడు కట్టి నా చేతికిచ్చింది. గోరువెచ్చటి నూనెతో కడుపు మీద, నడుము మీద రాసింది. ఆ చేతులు చెట్టు బెరడులా గరుకు, అయినా ఎంత నిదానమో! అత్త డేరా మూలకు పోయి గుడ్డ వైపు తిరిగి నిలబడింది.

“అక్కడెందుకు? వెనక వచ్చి కూర్చో. పిల్ల వీపు నీ రొమ్ముకు ఆనించుకో” అన్నది మయిలి.

“నేను ఉండగూడదు. బిడ్డకు కీడు.”

“కీడేమి కీడు? నీకు రెండు చేతులు ఉండాయా లేవా? పిడి అమ్మా, పిడి.” పట్టుకో అని.

అత్త వచ్చి కూర్చున్నది. నన్ను వెనకనుంచి రెండు చేతులా పట్టుకుంది. ఆమె గుండె నా వీపుకు తగిలి దడదడ కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా నాకంటే ముందు ఆమే ఊపిరి బిగపట్టేది. “ఓర్చుకో కన్నూ, ఓర్చుకో నా తల్లీ” అంటూ నా చెవిలో ఒకటే మాట. నన్ను కన్నూ అని ఆమె పిలవడం అదే మొదలు.

వాన తెరిపి ఇచ్చే వేళకు బిడ్డ పుట్టింది. పుట్టింది గాని ఏడవలేదు.

అమ్మా, ఆ నిశ్శబ్దం సంగతి నేను ఎక్కువ రాయను. మయిలి వేలితో నోరు శుభ్రం చేసింది. తన నోరు పెట్టి పీల్చి ఉమ్మింది. వీపు రుద్దింది, అరికాళ్ళు తట్టింది. ఇంకా ఏడవలేదు. అప్పుడు బిడ్డను ముఖానికి దగ్గరగా పట్టుకుని, తేనెపట్టు మీద పొగ ఊదే మనిషిలాగా, మెల్లగా ఊదుతూ కూర్చున్నది. తొందర లేదు, కంగారు లేదు. ఊది ఆగేది, మళ్ళీ ఊదేది. చివరికి కోడిపిల్ల కూసినంత చప్పుడు. తర్వాత ఇంకొంచెం పెద్దగా. తర్వాత డేరా అదిరేటట్టు ఏడుపు. బయట వంటవాడు కూడా ఏడ్చాడు.

మయిలి వెదురు బద్దతో బొడ్డు కోసి, నాకు మాయ పడడం ఇంకా ఉన్నందువల్ల, బిడ్డను గుడ్డలో చుట్టి అత్త ఒళ్ళో పెట్టేసింది. అడగలేదు, చెప్పలేదు, పెట్టేసింది. అత్త చేతులు రెండూ గాలిలోనే ఉన్నాయి. ముట్టుకోవచ్చో లేదో అన్నట్టు చాలాసేపు అలాగే ఉంచి, చివరికి ఒక్క వేలితో బిడ్డ నుదురు తాకింది. “వెచ్చగా ఉండాదే” అన్నది. అంతే అన్నది.

అంతా అయ్యాక మయిలి వెదురు గొట్టంలో అల్లం నీళ్ళు కాచి తేనె కలిపి ముందు నాకు పట్టింది. తర్వాత అదే గొట్టం అత్తకు ఇచ్చింది. అత్త తీసుకుని గటగటా తాగేసింది. మయిలికి అందులో విశేషమేమీ తెలియదు. నాకు తెలుసు. నేను చూశానని అత్తకూ తెలుసు.

మీ అల్లుడు మూడో నాటికి వచ్చారు. ఏరు తగ్గకముందే తాడు పట్టుకుని దాటారట. డేరా ముందుకు వచ్చి బిడ్డ ఏడుపు విని, నెత్తిన బియ్యం మూట దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయారు. “దించురా సామీ, మెడ విరుగుతాది. మాలచ్చిమి వచ్చింది” అన్నది అత్త. ఆయన బిడ్డను చూశారు. బయటికి పోయి వాగులో ముఖం కడుక్కుని వచ్చారు. దొర డేరాలు పై కొండకు మార్చే రోజులు అవి. మీ అల్లుడు అడిగితే ఒక డేరా, వంటవాణ్ణి మాకు వదిలి తాము ముందుకు పోయారు.

బిడ్డ నీ పోలిక. చెవి తమ్మెలు మాత్రం వాళ్ళ నాయనవి. పాలు బాగా తాగుతున్నది. స్నానం పోసేది అత్తే. కాళ్ళు చాపుకుని, బిడ్డను బోర్లా వేసుకుని, మయిలి నేర్పినట్టు నూనె రాసి పోస్తుంది. ఇంకెవరినీ పోయనివ్వదు. నన్ను కూడా. పేరు కొండమ్మ అనుకుంటున్నాం. మన ఇళ్ళల్లో ఆ పేరు కొత్తేమీ కాదు గదా. తిరుమల కొండకు ఒకటి, ఈ కొండకు ఒకటి అన్నది అత్త. నాయనకు సమ్మతమైతే మంచి రోజు చూసి రాయండి. మీ అల్లుడు కూడా ఈ మధ్య వెదురు ముక్క పట్టుకుని నాకు దువ్వెన చెక్కుతున్నారు. ఇప్పటికి రెండు వేళ్ళు తెగ్గోసుకున్నారు, పళ్ళు ఐదు వచ్చాయి. మూప్పన్ వచ్చి చూసి తల పట్టుకుని పోతాడు.

నా ఒళ్ళు గురించి దిగులు పడకు. పథ్యం సరిగా జరుగుతున్నది. బండివాడు మళ్ళీ వచ్చే వారం పొల్లాచ్చి సంతకు వస్తాడు. అతనితో నీ పాత చీరల మెత్తటి గుడ్డలు, వస కొమ్ము, శొంఠి, పిప్పళ్ళు, ఒక కుండ ఆముదం పంపు. జొన్నపిండి కొంచెం పంపితే ఇంకా మంచిది. సంగటి తినాలని ప్రాణం కొట్టుకుంటున్నది. నాయన చేతి రాతలో నాలుగు ముక్కలు ఉంటే అన్నిటికంటే మంచిది.

కింద జబ్బు తగ్గిందంటున్నారు, సరుకు బండ్లను మాత్రం వదులుతున్నారట. ముళ్ళకంపలు తీసేశారని రూఢిగా తెలియగానే దిగుతాం. నేరుగా మన ఇంటికే వస్తాం. ఇప్పుడు నిన్ను అడగవలసిన మాట ఒకటి ఉందమ్మా. దీన్ని రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మయిలి మాతో వస్తానంటున్నది. ఆమె ఎప్పుడూ కొండ దిగలేదు. “ఈ పిల్లను దీని అమ్మమ్మ చేతిలో పెట్టేదాకా బాధ్యత నాది. పెట్టి వచ్చేస్తాను” అంటున్నది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. రమ్మంటే, మన వీధిలో నలుగురూ ఏమంటారో తెలియదు. కొండజనాన్ని వాకిలి దాటనిచ్చారంటే నాయనను పంచాయితీలో ఎవరైనా మాట అంటారేమో. మీ అల్లుడు కూడా, “మీ వాళ్ళను ఇరుకులో పెట్టవద్దు, ఊరి బయటే పంపించేద్దాము” అన్నారు. ఆయన అన్నదీ నిజమే. కానీ అమ్మా, నువ్వు ఉండవలసిన చోట ఆ రోజు ఆమె ఉన్నది. ఆమెను ఊరి బయట నిలబెట్టి, బిడ్డను తీసుకుని లోపలికి నేను ఎలా నడిచి రాగలను? ఆమెకు గీతలూ గడపలూ తెలియవు, తెలిసినా పట్టించుకోదు. నవ్వి బయటే కూర్చుంటుంది. కూర్చుంటుందనే నాకు బాధ. అందుకే ముందే అడుగుతున్నాను. ఆమెను ఎక్కడ కూర్చోబెడతావు? ఏ గిన్నెలో పెడతావు? నువ్వు ఏది చెప్పినా నీ మీద నాకు కోపం రాదు. కానీ దిగే ముందు నాకు తెలియాలి.

అన్నకూ వదినకూ నా నమస్కారాలు. వదినకు చెప్పు, ఆమె కుట్టి ఇచ్చిన రవిక ఇప్పుడు నాకు పట్టడం లేదు. పిల్లలకు ముద్దులు. వీధిలో పెద్దలందరికీ పేరుపేరునా నా దండాలు. బిడ్డను నిండు నూరేళ్ళు బతకమని మీరిద్దరూ అక్కడినుంచే అక్షింతలు వేయండి. ఏ దిక్కుకు వెయ్యాలని అడుగుతావేమో, కొండల దిక్కు చూసి వేయండి, అందుతాయి.

ఆనమల కొండమీదినుంచి
మీ బిడ్డ,
నాచారి

కాగితంలో చోటు ఉంటే తన మాట కూడా రాయమని అత్త పక్కన కూర్చున్నది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

“వదినా, దండాలు. నీ కూతురు ఏమో బయపడతా అడగతా ఉండాది. నేను అడగను, చెప్తాను. మడి సంగతి నీకు తెలిసినదానికన్నా నాకు ఎక్కువ తెలుసు. ఆమె వస్తే నడింట్లో పీట వెయ్యి. నీ చేత్తో వడ్డించు. ఎవరన్నా ఏమన్నా అంటే నన్ను చూపించు, నేను బదులు చెప్తాను. నేను ఆమె పక్కనే కూర్చుని తింటాను. రెండు ఆకులు వెయ్యి.”